ఉపద్రవమునకు ముందటి సాయము

ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వబూనుట అవివేకమని మన పెద్దలు చెప్పుచుందురు. అయినను ఒక రాజ్యము మఱియొక రాజ్యమునకు ఆపత్సమయమున చేయు సాయములో అధికభాగము ఇట్టి నుయ్యి త్రవ్వుటగానే జరుగుచున్నది. గాలివాన వీచి, ఊళ్లు నేలమట్టమై, దిక్కులేని జనులు మిట్టలపై చేరిన పిమ్మట దాతల యోడలు బయలుదేరును. చందాలు ప్రకటింపబడును. పత్రికలలో ఛాయాచిత్రములు ప్రచురింపబడును. నాలుగు నెలలు గడచునప్పటికి లోకము మఱియొక వార్తవైపు మొగము త్రిప్పును. కూలిన గోడ కూలినట్లే యుండును. మరుసటి తుపాను వచ్చువరకు ఆ తీరమును తలచువారుండరు.

ఈ పద్ధతికి భిన్నమైన ప్రయత్నమొకటి అమెరికా సంయుక్త రాష్ట్రముల కాంగ్రెసులో 2020వ సంవత్సరమునకు పిమ్మట పలుమారులు జరిగినది. కరీబియను సముద్ర ప్రాంతపు చిన్న రాజ్యముల భద్రతకును, అవి ప్రకృతి యుపద్రవములను ఎదుర్కొనుటకు ముందుగా చేసికొనవలసిన సన్నాహమునకును ఐదేండ్లపాటు ఏటేట ఇంత ధనమని శాసనముచే నిర్ణయింపవలయునని కోరు బిల్లు అది. అక్కడి నియమమునుబట్టి రెండేండ్ల కాంగ్రెసు కాలము ముగియునప్పటికి ఆమోదము పొందని బిల్లులన్నియు చెల్లకపోవును. అందుచేత ఈ బిల్లు మరల మరల క్రొత్తగా ప్రవేశపెట్టబడుచు వచ్చినది. ప్రతినిధి సభలో దీనికి ముఖ్యముగా పూనినవారు న్యూయార్కు సభ్యులగు ఎడ్రియానో ఎస్పయాటుగారు. వారు జన్మించినది ఆ సముద్రములోని డొమినికను రిపబ్లిక్కుననే.

ఆ సముద్రము మనకు మిక్కిలి దూరము. కాని అక్కడి తీరములతో మన తీరమునకు పూర్వసంబంధము లేకపోలేదు. 1845 నుండి చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి బ్రిటిషు గయానాకు కూలికి పోయినవారిలో తమిళులతోపాటు ఆంధ్రులును ఉండిరి. నేటి గయానా ఈ ప్రణాళికలో చేరిన 13 రాజ్యములలో ఒకటి. అంతకంటె దగ్గరి సంబంధము మఱియొకటి కలదు. తుపానుకు ముందు చేయు వ్యయమునకును, తుపానుకు పిమ్మట చేయు వ్యయమునకును గల భేదమును దివిసీమయందును, గంజాము తీరమునందును ప్రాణములు చెల్లించి నేర్చుకొన్న జాతి మనది. కావున ఈ బిల్లులోని గుణదోషములను విచారించుట మనకు ఉచితమే.

మొదట ప్రణాళిక స్వరూపమును చెప్పవలయును. 2009 ఏప్రిలు నెలలో ట్రినిడాడునందు జరిగిన అమెరికా ఖండముల రాజ్యాధిపతుల సమావేశమున అధ్యక్షుడు ఒబామా ఈ సంకల్పమును ప్రకటించిరి. 2010లో అది ఆచరణకు వచ్చినది. జమైకా, బహామా, బార్బడోసు, ట్రినిడాడు, గ్రెనడా, డొమినికా మొదలగు రాజ్యములందు చేరినవి. మాదకద్రవ్యములయొక్కయు, ఆయుధములయొక్కయు దొంగరవాణాను తగ్గించుట, ప్రజలకు రక్షణ కల్పించుట, యువజనులు నేరములలోనికి దిగకుండ కాపాడుట అను మూడును దాని యాశయములు. నాటినుండి 80 కోట్ల డాలర్లకు మించిన ధనము దీనికి కేటాయింపబడినది. అందు పెద్దభాగము పోలీసులకును, తీరరక్షక దళములకును, న్యాయస్థానములకును పోయినది. ఇంత ధనమును ప్రత్యేక శాసనాధారమేదియు లేకయే సంవత్సర సంవత్సరము ఆయవ్యయపట్టికద్వారా ఇయ్యబడుచు వచ్చినది. ఈ ప్రణాళికకు స్వంత శాసనమును కల్పించి, ధనము ఎట్లు వినియోగమైనదియు, దానివలన ఏ ఫలితము కలిగినదియు ప్రభుత్వము కాంగ్రెసునకు నివేదించునట్లు చేయుట బిల్లు ఉద్దేశము. దానితోపాటు ప్రకృతి యుపద్రవముల విషయమై ప్రత్యేక ప్రకరణమొకటి చేర్చబడినది. ఆయా రాజ్యముల అధికారులకును అమెరికా శాఖలకును ముందుగానే పొందిక ఏర్పరచుట, అనుభవముచే తెలిసిన మంచి పద్ధతులను పంచుకొనుట, ఆపద వచ్చినపుడు వేగముగా కదలగల యేర్పాటులను బలపరచుట అందలి ముఖ్యాంశములు.

దొంగలను పట్టు పోలీసులకును తుపానునకును ఒకే శాసనమున చోటిచ్చుట యేమని కొందఱు అడుగవచ్చును. దానికి సమాధానము గ్రెనడా చెప్పగలదు. 2004 సెప్టెంబరు 7వ తేదీని ఐవాన్ అను హరికేను ఆ ద్వీపముపై విరుచుకొనిపడినది. మన సముద్రమున తుపాను అనబడునదే అక్కడ హరికేను. 1955లో జానెట్ తుపాను వచ్చిన పిమ్మట అంతటి గాలిని ఆ ద్వీపవాసు లెరుగరు. ఒక తరము గడచినది. జాగ్రత్తయు సడలినది. సుమారు లక్ష జనముగల ఆ దేశమున 39 మంది మరణించిరి. పదింట తొమ్మిది యిండ్లు దెబ్బతినెను. ఏటేట ఆ దేశము సంపాదించు మొత్తమునకు ఇంచుమించు రెండురెట్లు ఒక్కదినమున నష్టమయ్యెను. దేశమునకు ఆధారమైన జాజికాయ తోటలు వేళ్లతో పెకలింపబడెను.

అంతకంటె గమనింపదగినది పరిపాలన కూలిన తీరు. ఉపద్రవ నివారణకై నియమింపబడిన కార్యాలయమే దెబ్బతినెను. ప్రధానమంత్రి నివాసము నాశమయ్యెను. ఆయన తీరమున నిలిచిన బ్రిటిషు యుద్ధనౌకను ఆశ్రయింపవలసివచ్చెను. చెరసాల గోడలు పగిలి ఖైదీలు వెలికి వచ్చిరి. అంగళ్లు కొల్లగొట్టబడెను. శాంతిని నిలుపుటకై పొరుగు ద్వీపములనుండి సైనికులు రావలసివచ్చెను. తూర్పు కరీబియను రాజ్యములు 1982లోనే తమలో తాము ప్రాంతీయ భద్రతా సంఘము నొకదానిని కూర్చుకొనియుండుట ఇట్టి సమయముననే అక్కరకు వచ్చెను. పైకప్పు ఎగిరిపోయిన పోలీసుఠాణా ఎవ్వరిని రక్షింపగలదు? భద్రత వేరు, తుపాను సన్నాహము వేరు అనుట పెద్ద దేశములకు చెల్లునేమో కాని ఒక్క రాత్రిలో రాజధాని యావత్తును కోల్పోగల ద్వీపమునకు చెల్లదు. ఈ రెంటిని ఒక శాసనమున కూర్చుట కావున తప్పుకాదు.

తప్పు ఉన్నచో అది పాళ్లయందున్నది. శాసనమున పోలీసుభాగమునకు ధనమును, కొలతలును ముందు నిలుచును. ఉపద్రవ భాగము వెనుక వచ్చును. పోలీసుభాగముచే ఒనగూడిన ఫలితమేమి యన్న ప్రశ్నకు ఇంతవరకు తృప్తికరమైన సమాధానము లేదు. ప్రభుత్వ వ్యయములను పరీక్షించి కాంగ్రెసునకు తెలుపు జవాబుదారీ కార్యాలయము 2019లో ఈ ప్రణాళికను పరిశీలించి, 13 రాజ్యములలో జరుగుచున్న పనులన్నిటిని కలిపి ప్రగతిని కొలుచు విధానము విదేశాంగశాఖకు లేదని తేల్చినది. తొమ్మిదేండ్లు వ్యయమైన పిమ్మట వచ్చిన నిర్ణయమిది. మఱియొక సంగతియు కలదు. 2018 మొదలు 2022 వరకు కరీబియను దేశములలో పట్టుబడి, పుట్టుక తెలియుటకై అమెరికా ఆయుధశాఖకు పంపబడిన తుపాకులలో నూటికి 73 అమెరికానుండి పోయినవేయని అదే కార్యాలయము 2024లో తెలిపినది. తన అంగడిలో కొన్న తుపాకి పొరుగింట ప్రేలుచుండగా, ఆ పొరుగువాని కావలికి ధనమిచ్చుటవలన మాత్రమే దాత ఋణవిముక్తుడు కాజాలడు. ముందు తన వాకిలి మూయవలయును.

ఇక ఉపద్రవ సన్నాహమునకు వత్తము. ఇక్కడ ధనము యొక్క ఫలితము కంటికి కనబడును. గ్రెనడా నాశనమైన పిమ్మట కరీబియను ప్రభుత్వాధినేతలు ప్రపంచబ్యాంకును ఆశ్రయించి యొక యుపాయమును కోరిరి. ఒక్కొక్క చిన్న రాజ్యము వేరువేరుగా భీమా కొనబోయినచో ప్రీమియము భరింపరానిది. అందఱును ఒకే యేట నాశనము కారు గనుక అందఱును కలిసి యొక నిధిని కూర్చుకొన్నచో వ్యయము తగ్గును. ఈ యాలోచనమే 2007లో 16 ప్రభుత్వముల భీమా నిధిగా రూపొందినది. అనేక రాజ్యములు కలిసి ఇట్టి నిధిని నెలకొల్పుట లోకమున అదియే ప్రథమము. సన్నాహ వ్యయమును జపాను భరించినది. కెనడా, బ్రిటను, ఐరోపా సమాజము మున్నగు దాతలు మూలధనమునకు తోడ్పడిరి. ప్రీమియమును మాత్రము సాధారణముగా సభ్యరాజ్యములే చెల్లించును.

దాని విశేషము వేగము. సాధారణ భీమాలో ఇల్లిల్లు తిరిగి నష్టము లెక్కించి, వాదించి, పిమ్మట ధనమిత్తురు. ఇక్కడ గాలివేగము, భూకంప తీవ్రత మొదలగు కొలతలనుబట్టి నష్టము గణింపబడి, 14 దినములలో ధనము ప్రభుత్వమునకు అందును. 2010 జనవరి 12వ తేదీని హెయితీ భూకంపమున అసంఖ్యాకులు మరణించి, ప్రభుత్వ భవనములే కూలిపోయినపుడు, సుమారు 77 లక్షల డాలర్లు రెండు వారములలో అందెను. ఆ మహావిపత్తునకు అది స్వల్పమే. కాని ఆ ధనము ఎవ్వరి దయయు కాదు. తానే చేరిన నిధినుండి హక్కుగా వచ్చిన ధనము.

ఈ యేర్పాటు సర్వరోగ నివారిణియని చెప్పుట సత్యము కాదు. 2017 సెప్టెంబరులో మరియా హరికేను డొమినికాను కొట్టినపుడు నష్టము 130 కోట్ల డాలర్లని లెక్క తేలెను. ఆ దేశపు వార్షికోత్పత్తి నూరైనచో నష్టము 226. భీమా నిధినుండి వచ్చినది సుమారు 1 కోటి 93 లక్షల డాలర్లు మాత్రమే. అది మొదటి దినముల జీతములకును, మందులకును, దారులు తెఱచుటకును చాలును. దేశమును తిరిగి కట్టుటకు చాలదు. కట్టుబడి నిబంధనలు, గట్టి పైకప్పులు, ఆసుపత్రులు, వంతెనలు, హెచ్చరిక తంత్రులు ముందుగా లేనిచో ఏ భీమాయు ఆ లోటును పూడ్పజాలదు. ఈ పనులు ఛాయాచిత్రములకు ఎక్కవు. కావుననే దాతలకు వీనియందు రుచి తక్కువ. రుచి తక్కువైనచోటనే శాసనముయొక్క యావశ్యకత.

2025వ సంవత్సరము ఈ విషయమున గొప్ప పాఠమును నేర్పినది. ఆ యేడు జనవరి 20వ తేదీని అమెరికా అధ్యక్షుని ఉత్తరువుచే విదేశ సహాయము నిలుపబడినది. మార్చి నెలలో సహాయసంస్థ కార్యక్రమములలో నూటికి 83 రద్దైనవని విదేశాంగమంత్రి ప్రకటించిరి. 1961లో నెలకొల్పబడిన ఆ సంస్థ జూలై 1వ తేదీనాటికి విదేశాంగశాఖలో కలిసిపోయి తన యునికిని కోల్పోయినది. అరువదేండ్ల సంస్థ ఆరు నెలలలో అంతరించినది. అదే సంవత్సరము అక్టోబరు 28వ తేదీని మెలిస్సా హరికేను జమైకాపై పడినది. ఆ దేశ చరిత్రలో అంతటి బలమైన తుపాను తీరము దాటి యెరుగదు. ప్రపంచబ్యాంకు అంచనానుబట్టి ఆస్తినష్టము 880 కోట్ల డాలర్లు. అనగా వార్షికోత్పత్తిలో నూటికి 41 పాళ్లు.

అయినను జమైకా రిక్తహస్తములతో లేదు. ఆ ప్రభుత్వము కొన్నియేండ్లుగా అంచెలంచెలుగా కోట కట్టినట్లు ఆపద్ధనమును సమకూర్చుకొనియుండెను. స్వంత ఆపన్నిధి యొకటి. ఉమ్మడి భీమానిధి రెండవది. దానినుండి 7 కోట్ల డాలర్లకు మించిన ధనము వచ్చెను. మూడవది ప్రపంచబ్యాంకుద్వారా మదుపుదారులకు అమ్మిన విపత్తు బాండు. దానినుండి 15 కోట్ల డాలర్లు పూర్తిగా లభించెను. ఇట్టి బాండు 2021లో మొదట సిద్ధమగునపుడు అమెరికా, బ్రిటను, జర్మనీల సాయధనము దాని సన్నాహమునకు తోడ్పడినది. సాయమిచ్చిన అమెరికా సంస్థ నేడు లేదు. ఆ సాయముచే నిలిచిన యేర్పాటు మాత్రము ఆపత్కాలమున పనిచేసినది. అంతకుముందు 2024లో బెరిల్ తుపాను వచ్చినపుడు గాలి పీడనము నిర్ణీత కొలతకు దిగలేదని ఈ బాండునుండి పైసయు రాలేదు. కొలతలపై ఆధారపడు భీమాకు అది సహజమైన లోపము. ఒక్క అంచెనే నమ్ముకొనరాదనుటకు అదియే తార్కాణము.

ఈ సత్యము మనకు క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది అసువులు బాసిరి. అనంతరము తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడెను. హెచ్చరిక పద్ధతులు మెఱుగుపడెను. 1990 మే నెలలో అట్టి తీవ్రతగల తుపాను మరల ఆంధ్రతీరమును తాకినపుడు ఆరు లక్షలకు పైగా జనులను ముందుగా తరలించుటచే మరణములు వేయికి లోపల నిలిచెను. ఒడిస్సాలో 1999 అక్టోబరు తుపానున సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12వ తేదీని ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడు, తెనుగువారు అనేకులు నివసించు గంజాము మండలమే దాని మార్గమున నుండెను. సుమారు పది లక్షలమందిని ముందుగా తరలించిరి. మృతుల సంఖ్య పదులలో నిలిచెను.

ఈ మార్పునకు ప్రభుత్వోద్యోగుల దక్షతయు, గ్రామసంఘముల శ్రమయు ముఖ్యకారణములు. అయినను వెలుపలి ధనము పాత్రయు కొంత గలదు. ఆంధ్రప్రదేశ్, ఒడిస్సా తీరములలో ఆశ్రయములను, దారులను, వంతెనలను, ఉప్పునీటి కట్టలను నిర్మించుటకు ప్రపంచబ్యాంకు 2010లో 25 కోట్ల 50 లక్షల డాలర్ల ఋణమును మంజూరు చేసినది. ఆ ధనముతో కట్టిన ఆశ్రయము పగటివేళ బడిగానో, సభాశాలగానో ఉపయోగపడుచున్నది. ఇచ్చినవారెవరో ఆ పల్లెవాసికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. గాలి వీచిననాడు తలుపు తెఱచియున్నదా యనునదే వానికి కావలసినది.

ఇక బిల్లు శాసనమైనంతమాత్రమున పని ముగియునా యను ప్రశ్న మిగిలియున్నది. న్యాయవాదులైన మా పాఠకులు ఈ సూక్ష్మమును సులభముగా గ్రహింతురు. అమెరికా పద్ధతిలో వ్యయమునకు అధికారమిచ్చు శాసనము వేరు, ఖజానానుండి ధనము తీయుటకు అనుమతించు శాసనము వేరు. రెండవది లేనిదే ఖజానానుండి ఒక్క డాలరును తీయరాదని వారి రాజ్యాంగమే విధించుచున్నది. మొదటి శాసనము కుండవంటిది, రెండవది అందు పోయు నీరు. కుండ యున్నంతమాత్రమున దాహము తీరదు. కాని కుండయే లేనిచో నీరు వచ్చిన యేడు వచ్చును, రాని యేడు నేలపాలగును. శాసనమున్నచో సాయమును నిలుపదలచిన ప్రభుత్వము బహిరంగముగా కారణము చెప్పవలసియుండును. ఈ యొక్క లాభముకొఱకే యైనను బిల్లు వాంఛనీయమని మా యభిప్రాయము.

సాయమువెనుక స్వార్థము కలదని కొందఱు ఆక్షేపింతురు. కలదు. ఆ ప్రాంతమున చీనా మొదలగు నిరంకుశ ప్రభుత్వముల పలుకుబడిని అడ్డుకొనుట ఈ బిల్లు ఆశయములలో ఒకటియే. రాజ్యములమధ్య నిష్కామదానము అరుదు. ఆశ్రయపు గోడ గట్టిదైనచో దానిని కట్టినవాని యంతరంగమును త్రవ్వవలసిన పనిలేదు. పుచ్చుకొనువాని స్వాతంత్ర్యమునకు భంగము కలుగునో లేదో యనునదే విచారింపదగినది. 2004 డిసెంబరు సునామీ సమయమున భారతదేశము విదేశప్రభుత్వముల సాయమును వలదని, తానే సింహళమునకును మాల్దీవులకును ఓడలు పంపినది. 2019లో ఉపద్రవములకు తట్టుకొను నిర్మాణములకై అంతర్జాతీయ కూటమికి నాయకత్వము వహించినది. చేయి చాచినవారమును మనమే, చేయి అందించినవారమును మనమే. కావున రెండు పక్షముల మనస్సును మనము ఎరుగుదుము.

ఈ యనుభవముతో చూడగా, ఇట్టి శాసనమునకు మూడు పరీక్షలు తగును. తుపానుకు ముందు చేయు వ్యయము తుపాకులకు చేయు వ్యయముతో సమానముగా లెక్కకును, నివేదికకును లోబడియున్నదా? ధనము దాతగారి గుత్తేదారులద్వారా గాక, బార్బడోసునందలి కరీబియను ఉపద్రవ నిర్వహణ సంస్థ, ఉమ్మడి భీమానిధి, ప్రాంతీయ భద్రతా సంఘము వంటి ఆ ప్రజల స్వంత సంస్థలద్వారా పోవుచున్నదా? రేపు దాత మనసు మారి వెడలిపోయినను నిలిచియుండునదేదైన మిగులుచున్నదా? ఈ మూడింటికిని ఔనను సమాధానము వచ్చు సాయమే సాయము. మూడవదానికి లేదను సమాధానము వచ్చినచో, అది ఎన్ని కోట్లదైనను, మరుసటి గాలివానతో కొట్టుకొనిపోవునదే.

ప్రతి సంవత్సరము జూను 1వ తేదీని అట్లాంటిక్కున హరికేను కాలము ప్రారంభమగును. మన తీరమున కార్తీకమాసమనగానే పల్లెవాసులు ఆకాశమువైపు చూచుట ఎట్లో, అక్కడి జాలరులును అట్లే చూచుచుందురు. వారికి కావలసినది శాసనసభల వాగ్ధాటి కాదు. గాలి లేచునప్పటికి గట్టి పైకప్పును, మ్రోగు హెచ్చరికయు, కావలిలో నిలిచియున్న పోలీసుఠాణాయు వారికి కావలయును. వీనిని ముందుగా సిద్ధపరచు శాసనము ఎన్నిమారులు ప్రవేశపెట్టవలసివచ్చినను ప్రవేశపెట్టదగినదే.